మూత వేసిన కొస

ఎల్లేశం బోర్లా పడి ఉన్నాడు. కుడిచేతి కింద కత్తి. తల దగ్గర తెగిన కేబుల్.

ఎర్రవాగు ఇంక్లైన్ బొగ్గుగని, పాత గ్యాలరీ సొరంగం. 2012, మే నెల. మొదటి షిఫ్టు ఇంకా అయిపోలేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఉపేందర్ టోపీదీపం వెలుగులో శవాన్ని చూశాడు. ఒంటి మీద గాయం లేదు. గ్యాస్‌తో ఊపిరాడక పోయాడని వెంట వచ్చిన డాక్టర్ చెప్పాడు.

కేబుల్ రెండు ముక్కలైంది. గ్యాలరీ లోపలికి పోయే ముక్క కొస తెరిచే ఉంది. పైకి పోయే ముక్క కొసకు మాత్రం గట్టిపడిన జిగురు ముద్ద ఉంది. కానిస్టేబుల్ పంచనామాలో ఆ సంగతి రాసి ఊరుకున్నాడు.

పైకి రాగానే గని మేనేజర్ త్రివిక్రమ్ కేసు తేల్చేశాడు. ఎల్లేశం కేబుల్ దొంగతనానికి పోయాడు. కోస్తుంటే గ్యాస్ తగిలింది. అంతే. గనుల్లో ఇది కొత్త కాదు. కేబుల్ కాల్చి, రాగి తీసి అమ్ముకునేవాళ్లు గోదావరిఖనిలో ఎప్పుడూ ఉన్నారు.

రిపోర్టు సాయంత్రానికల్లా కావాలన్నాడు మేనేజర్. ఆ తొందర ఉపేందర్‌కు నచ్చలేదు.

గని మీద మనిషి పోతే షిఫ్టు ఆగుతుంది. పైకొచ్చినవాళ్లు మసి మొహాలు కూడా కడుక్కోకుండా పాడె మోస్తారు. ఇంట్లో ఒకరికి నౌకరీ వస్తుంది. ఎల్లేశం పోయిన రోజు రెండో షిఫ్టు మామూలుగానే దిగింది.

దవాఖాన మెట్ల మీద అతని భార్య పూలమ్మ కూర్చుంది. శవం తీసుకోనంటోంది.

"ఎండలు చూస్తున్నవు కదమ్మా. ఎన్నిరోజులు ఉంచుతరు?" అన్నాడు ఉపేందర్.

"దొంగను ఎవలు మోస్తరు సార్? మొన్నటిదాక అన్నా అన్నోళ్లే మొఖం తిప్పుకొని పోతున్నరు. ఆ మాట తీసెయ్యిండ్రి. అప్పుడు తీసుకపోత."

"కత్తి ఆయనదే కదా?"

"ఆయనదే. ఎలక్ట్రీషియన్ నడుముల కత్తి లేకుంట ఉంటదా? గా తీగ గుంజింది గూడ ఆయననే, సంపత్‌తోని కలిసి. దాండ్ల రాగి లేదు, ఉత్త గాజు వెంట్రుక అని ఇంటికొచ్చి నవ్విండు. రాగి లేదని తెలిసినోడు ఎందుకు కోస్తడు సార్?"

ఆ ప్రశ్న ముందే తనకు రావాల్సింది అనుకున్నాడు ఉపేందర్.

సంపత్ హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజినీర్. పుట్టింది మాత్రం ఈ కాలనీలోనే. అతని తండ్రి సదయ్య, ఎల్లేశం ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆ కంపెనీ ఇక్కడ కొత్తరకం ఫైబర్ కేబుల్ వేసి చూస్తోంది. గ్యాలరీలో గ్యాస్ ఎంతుందో కొసన ఉన్న సెన్సర్ కొలుస్తుంది. ఆ నంబర్ రెప్పపాటులో పైనున్న తెర మీద పడుతుంది.

"కేబుల్ తెగినప్పుడు ఎక్కడున్నవు?" అని అడిగాడు ఉపేందర్.

"పైన. కంట్రోల్ రూంల."

"తెర మీద ఏం కనబడ్డది?"

"అప్పటిదాక అంతా మంచిగనే ఉండె సార్. ఒక్కసారి బందయింది."

"కిందికి దిగినవా?"

"శవం దొరికినంక. పోశం కాకతోని."

"ఎల్లేశం నీకేమైతడు?"

"కాక అంటుంటి," అన్నాడు.

పోశం గనిలో సర్దార్. మనుషుల్ని పంపేముందు ఆ చోట గ్యాస్ చూడటం అతని పని. అది ఎందుకు చెయ్యలేదని ఉపేందర్ గట్టిగా అడిగాడు. దీపం పట్టుకొని పోయి చూసే అలవాటు తనకు ముప్పై ఏళ్ల నుంచి ఉందన్నాడు పోశం. నెల కింద మేనేజర్ వద్దన్నాడు. తెర మీద నంబర్ చూసి పంపితే చాలన్నాడు. ఢిల్లీ నుంచి పెద్దసార్లు చూడ్డానికి వస్తున్నారు, అప్పటికి అలవాటు కావాలన్నాడు.

"గ్యాలరీల మోటర్ బందయితే ఎల్లేశాన్ని పంపిన సార్. ముందుగాల పైకి ఫోన్ చేసిన. సాఫ్ ఉన్నది, పొమ్మను అన్నడు సంపత్. నా నోటితోనే పొమ్మన్న."

పోశం తల దించుకున్నాడు. ఉపేందర్ ఓదార్చలేదు.

మర్నాడు పొద్దున సంపత్ కంపెనీలోనే పనిచేసే ఇంకో ఇంజినీర్ వేదశ్రీ వచ్చింది. వారం నుంచి ఆమె హైదరాబాద్‌లోనే ఉంది. ఉపేందర్ స్టేషన్‌లో కేబుల్ ముక్కను ఆమె ముందు పెట్టాడు.

"ఈ జిగురు ఫ్యాక్టరీ నుంచే వస్తుందా?"

"లేదు. కోసినవాళ్లు వేస్తారు. ఇది మామూలు ఫైబర్ కాదు సార్. దీని నడుమ గాజు ఉండదు, సన్నటి ఖాళీ ఉంటుంది. వెలుగు ఆ ఖాళీలో పోతుంది. గాజులో కన్నా గాలిలో వేగం ఎక్కువ. కానీ కొస తెరిచి ఉంచితే తేమను పీల్చుకుంటుంది. అందుకే కోసిన వెంటనే మూసేస్తాం. అలవాటైన చెయ్యి దానంతటదే ఆ పని చేసేస్తుంది."

"ఎల్లేశానికి వచ్చా?"

"ఆయన కేబుల్ లాగారు. కొసలు సంపత్, నేనే మూసేవాళ్లం. జిగురు మా కిట్‌లోనే ఉంటుంది."

మధ్యాహ్నం ఉపేందర్ అందరినీ కంట్రోల్ రూంకు పిలిపించాడు. మేనేజర్, పోశం, సంపత్, వేదశ్రీ. పూలమ్మను కూడా పిలిచాడు. ఆమె ఎందుకన్నాడు మేనేజర్. ఉపేందర్ పట్టించుకోలేదు.

"దొంగ తీగ కోస్తాడు. కోసిన కొసకు మూత వెయ్యడు," అన్నాడు ఉపేందర్. "సచ్చేటోడు అసలే వెయ్యడు."

పైకి పోయే ముక్కను వేదశ్రీకి అందించాడు.

వేదశ్రీ ఆ ముక్కను మూత తియ్యకుండానే, పెద్దదిగా చూపించే మెషిన్‌లో పెట్టింది. వెంట్రుకంత ఫైబర్ స్క్రీన్ మీద వేలంత లావు కనబడింది. నడుమ ఖాళీ ఉంటే నల్ల గీత కనబడాలి. గీత లేదు.

"నీళ్లు," అంది వేదశ్రీ. "లోపలంతా నీళ్లే."

"మూత దాటి నీళ్లు పోతయా?"

"పోవు. కొయ్యకముందే ఎక్కడో జాయింటు నుంచి దిగాయి. ఇంత దూరం పాకాలంటే రోజులు పడతాయి. అన్ని రోజులూ ఈ లైన్‌లో వెలుగు పైదాకా రాలేదు."

ఉపేందర్ సంపత్ వైపు తిరిగాడు.

"వెలుగే రాలేదు. మరి తెర మీద నంబర్ ఎక్కడిది?"

సంపత్ గోడకు ఆనుకున్నాడు. తర్వాత అంతా తనే చెప్పాడు. లైన్ చచ్చిపోయిందని మేనేజర్‌కు చెప్పాడు. ఢిల్లీవాళ్లు వచ్చి పోయేదాకా తెర ఆగకూడదన్నాడు మేనేజర్. అందుకే సంపత్ పాత నంబర్లనే తెర మీద మళ్లీ తిప్పాడు. పోశం ఫోన్ చేసినప్పుడు వాటినే చూసి సాఫ్ అన్నాడు. ఎల్లేశం ఎంతకూ పైకి ఫోన్ చెయ్యకపోతే వెనక దారిన దిగాడు. ఫ్యాన్ వేసి గాలి కొట్టించి లోపలికి పోయాడు. అప్పటికే అయిపోయింది. కేబుల్ అప్పుడే తెగినట్టు కనబడితే అప్పటిదాకా లైన్ బాగుందని అందరూ నమ్ముతారనుకున్నాడు. ఎల్లేశం నడుములోని కత్తితోనే కోశాడు. అలవాటుగా మూత వేసిన సంగతి తనకే గుర్తు లేదు.

మేనేజర్ తనకేమీ తెలియదన్నాడు. స్టేషన్‌లో చెప్పమన్నాడు ఉపేందర్.

సంపత్ పూలమ్మ కాళ్ల మీద పడ్డాడు. "చిన్నమ్మా, నేను చంపలే. లైను పోయిందని చెప్పెటందుకు భయమైంది."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"సంపినవని నేననలే. పాణం పోయినోని చేతికింద కత్తి పెట్టినవు. గప్పుడు భయం గాలేదా?"

సాయంత్రం షిఫ్టు ఆగింది. మసి మొహాలతో దవాఖాన ముందు జనం నిండారు. పాడెను దగ్గరి దారిన గోదావరి ఒడ్డుకు తీసుకుపోదామన్నాడు పోశం. పూలమ్మ ఒప్పుకోలేదు.

"దొంగ అన్న మాట అన్ని లైన్లల్ల తిరిగింది. ఈయనను గూడ అన్ని లైన్లల్ల తిప్పుండ్రి."

తిప్పారు. కాలనీలో ప్రతి లైన్‌లోనూ క్వార్టర్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చివరి లైన్‌లో సంపత్ తండ్రి సదయ్య గేటు బయట నిలబడి ఉన్నాడు. కొడుకును జీపెక్కించిన సంగతి అప్పటికే తెలిసింది. ముందుకొచ్చి, పాడె కింద భుజం పెట్టబోయాడు. మోసేవాళ్లు ఆగి పూలమ్మ వైపు చూశారు.

ఆమె వద్దనలేదు. రమ్మనలేదు. నడవండి అన్నట్టు చెయ్యి ఊపింది.

ఎవరూ చోటు ఇవ్వలేదు. సదయ్య ఉత్త చేతులతో అందరి వెనక గోదావరి దాకా నడిచాడు.