గుమ్మం దగ్గర ఉప్పు

ఆ పొద్దున తెయిజో అన్నం ముందు కూర్చుని ముల్లంగి ఊరగాయ ముక్కతో మాట్లాడుతున్నాడు. "నువ్వు ముందు వెళుతుండు. దీపం ఆర్పి వస్తాను."

చచ్చిపోవడమే అతని ఉద్యోగం. కత్తియుద్ధాల సినిమాలు తీసే ఉజుమస స్టూడియోల్లో వయసంతా హీరోల కత్తులకు బలవుతూనే గడిపాడు. ముఖం జనం కంటికి ఆనేలోపే నేలకరిచేవాడు. ఇంటికొస్తే భార్య సుమియె గుమ్మం బయటే ఆపేది. అక్కడి ఆచారం ప్రకారం చావింటికి వెళ్లొచ్చినవాళ్ల మీద చల్లినట్టు భుజాల మీద ఉప్పు చల్లి, "ఇక బతికి లోపలికి రండి" అనేది. తోటి నటులు నవ్వితే నవ్వనిమ్మనేది. నాకైతే ఆవిడ చేసిందే సబబనిపిస్తుంది.

ఇప్పుడు, డెబ్బై దాటాక, మొదటిసారి మాటలున్న వేషం వచ్చింది. షూటింగ్ ఈరోజే.

తల్లికి సాయంగా వచ్చిన కూతురు కనాకొ పులుసు గిన్నె పెడుతూ అడిగింది. "ఎవరితో నాన్నా ఆ మాటలు?"

"శవపేటికతో."

"అందులో ఎవరు?"

తెయిజో పక్కగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "భార్య."

కనాకొ ఒంటికాలి మీద లేచింది. "అమ్మ గుండె కోసి కుట్టి పట్టుమని పది రోజులు కాలేదు. శుభమా అని ఇంటికి తెచ్చుకుంటే, నువ్వు పెళ్లాం శవం ముందు కూర్చునే వేషం వేస్తావా? నువ్వు రావని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను."

తెయిజో ఫోన్ మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్లూ నోరు మూసుకుని చచ్చానమ్మాయ్. ఒక్కసారి నోరు తెరిచి బతకనీ."

"నువ్వటు వెళ్లాక అమ్మకేమైనా అయితే?"

తెయిజో ఫోన్ మీంచి చెయ్యి తీసేశాడు. "సరే. రానని చెప్పెయ్" అన్నాడు. ఆ మాట అంటుంటే ముసలాయన కళ్లు ఊరగాయ గిన్నె మీదే ఉన్నాయి.

పక్కగది తలుపు జరిగింది. సుమియె తలుపు పట్టుకుని నిలబడింది. "ఎవరు రానంటున్నది? ఏవండీ, ఆసుపత్రిలో నా మంచం పక్కన గొణిగింది ఈ మాటలేగా? నేను మత్తులో ఉన్నాననుకున్నారు."

"తప్పయిపోయింది సుమియె."

"తప్పేం లేదు, నటనే బాగాలేదు. మరీ ఏడుపుగొట్టుగా చెబుతున్నారు. దీపం ఆర్పేవాడు ఏడవడండీ. గ్యాస్ కట్టేశామో లేదో చూసుకుంటాడు."

"అమ్మా, అపశకునం!" అంది కనాకొ.

"మీ నాన్న ఇన్నిసార్లు చచ్చాడు కదే, ఒక్క అపశకునమైనా గడప దాటిందా? ఇంట్లో ఉప్పుండగా నాకేం భయం? నేను పోతానేమోనని ఈయన వేషం మానుకుంటే, నన్ను ఇప్పుడే సాగనంపినట్టు. నేనొప్పుకోను. లేవండి, ఆలస్యమవుతోంది."

తెయిజో వెళ్లాడు.

సాయంత్రం తిరిగొచ్చి, అలవాటుగా గుమ్మం బయటే ఆగాడు. సుమియె ఉప్పు గిన్నెతో ఎదురొచ్చింది. కనాకొ ఆమె మోచెయ్యి పట్టుకుని ఉంది.

"ఎలా చెప్పారు?"

"గ్యాస్ సంగతి చూసుకుంటున్నట్టే చెప్పాను. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు."

అతను భుజాలు వంచాడు. ఉప్పు పడలేదు. సుమియె మెల్లగా గడప దిగి, చెప్పులేసుకుని అతని పక్కన నిలబడింది. గిన్నె అతని చేతిలో పెట్టింది.

"ఇవాళ పోయింది మీరు కాదుగా, నేను. చల్లండి."

షూటింగ్‌లో చుక్క కన్నీరు రానివ్వని మనిషికి ఇక్కడ ఆగలేదు. భార్య భుజాల మీద ఉప్పు చల్లాడు.

"ఆ మాట కూడా అనాలి మరి" అంది సుమియె.

"ఇక బతికి..." గిన్నె చెయ్యి మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "ఇక బతికి లోపలికి రా."

కనాకొ తలుపు బార్లా తీసి, చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇంకాస్త చల్లు నాన్నా" అంది.