రాజన్న అడిగిన ఎరుపు

గల్ఫ్‌లో మన ఏజెంటును హోటల్ లిఫ్టులో కాల్చి చంపారు. మరునాడు పొద్దున్నే ఉప్పుగూడ స్టేషన్లో జామకాయలమ్మే ఆవిడ ముందు కూర్చున్నాడు మరో ఏజెంటు ఇస్సాకు.

“పేజీ ఎందుకు ఓపెన్ అయితలేదు?”

“ఫొటోలు ఎక్కువున్నయి. లేటయితది.”

కోడ్ సరిపోయింది. బుట్ట వెనకున్న చీఫ్ లలితమ్మ కాయకు కారం అద్దుతూ చెప్పింది.

“చాంద్రాయణగుట్టల ఓ చిన్న వెబ్ డిజైన్ ఆఫీసున్నది. మనోళ్ల పేర్లు అక్కడ చేసిన వెబ్‌సైట్ల నుంచే శత్రువులకు పోతున్నయి. ఎట్లనో ఎరికలేదు. డిజైనర్‌గ చేరు. లోపల నీహారిక అని మన మనిషే ఉన్నది. గల్ఫ్‌కు అంజన్‌ను పంపుతున్న.”

ట్రైనింగులో ఇస్సాకు పక్క మంచం అంజన్‌ది. ఇస్సాకు ఆ జామకాయను కొరకకుండానే జేబులో వేసుకున్నాడు.

ఆరు వారాలు గడిచాయి. అది 2001 ఎండాకాలం. ఇస్సాకుకు వెబ్ పేజీలు చేయడం వచ్చింది, దొంగ మాత్రం దొరకలేదు. రోజుకు తొమ్మిది చాయ్‌లు తాగుతూ, బల్ల కింద కాలు ఊపుతూ, మెట్ల మీద ప్రతి అడుగుకూ ఉలిక్కిపడుతున్నాడు.

నీహారికది ఆన్‌లైన్ మార్కెటింగ్. నల్ల కళ్ళద్దాలు, చేతిలో సెల్‌ఫోన్, ఆమెకంటే ముందే మెట్లెక్కి వచ్చే సెంటు. ప్రతి పేజీ అడుగున సెర్చ్ ఇంజన్ కోసం వంద మాటలు కుక్కేది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు. మనుషులకు కనబడవు, సెర్చ్ ఇంజన్ చదువుకుంటుంది. ఊళ్ళో అన్ని ఆఫీసులూ చేసే పనే కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నాలుగింటికి రాజన్న గాజుల దుకాణం వెబ్‌సైటు ఎక్కించాలి. ఇంటర్నెట్ ఉన్న ఒక్క కంప్యూటర్ దగ్గర నీహారిక అప్‌లోడ్ నొక్కింది. ముందు నలభై గాజుల ఫొటోలు, చివర్న పేజీ.

అంతలో రాజన్న రొప్పుతూ వచ్చి ఇస్సాకు కంప్యూటర్లో ఉన్న అదే పేజీని తొంగిచూశాడు.

“ఏంది తమ్మీ గిది? పెండ్లి గాజులకు తెల్లగ పెడ్తరా? సావింటి లెక్కున్నది. ఎర్రగ చెయ్.”

“ఎక్కుతున్నదన్నా...”

“ఎక్కనియ్. నాకైతే సూపియ్.”

కస్టమర్ మాట కాదనలేక ఇస్సాకు బ్యాక్‌గ్రౌండ్ ఎరుపు చేశాడు.

పేజీ అడుగున తెల్ల అక్షరాలు బయటపడ్డాయి. గాజులు, పెళ్ళి, హైదరాబాద్. ఆ తర్వాత అంజన్ మారుపేరు, హోటల్, రూమ్ నంబరు.

అంజన్ ఫోన్లో చెప్పిన ఆ వివరాలు ఇస్సాకు ఒక్కరికే చెప్పాడు. మొన్న ఇరానీ హోటల్లో, గొప్పకు పోయి.

వీపుకు చల్లగా ఏదో తగిలింది. హ్యాండ్‌బ్యాగ్ చాటున పిస్టల్.

“కదలకండి,” నీహారిక చెవిలో అంది. “ఆ పెన్ను కూడా ఇలా ఇచ్చేయండి.”

జేబులోని మత్తుసూది పెన్ను. దాని సంగతీ తనే వాగాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ ముందు చచ్చేది అంజన్.

అవతలి కంప్యూటర్లో ముప్పై ఏడో ఫొటో ఎక్కుతోంది. రాజన్న ఎరుపు చూసి మురిసిపోతున్నాడు, మరేమీ గమనించలేదు.

ముప్పై ఎనిమిది. ఆఫీసుకు ఉన్నది ఒకటే టెలిఫోన్ లైను. ఇంటర్నెట్టూ దాని మీదే. ఇక ఈ రాజన్న, ఆరు వారాల్లో భార్యను అడగకుండా ఒక్క గాజు ఫొటో కూడా ఓకే చేయలేదు.

“అన్నా, ఎరుపు ఖాయమేనా? వదినెను అడిగినవా?”

“అరె, మర్చేపోయిన!”

నలభై. పేజీ ఎక్కడం మొదలైంది.

రాజన్న రిసీవర్ ఎత్తాడు. మోడెం గీపెట్టి ఆగిపోయింది, ఇంటర్నెట్ తెగింది. పేజీ అడుగు వరుస ఎక్కకుండా ఇక్కడే ఉండిపోయింది.

“ఫోన్ పెట్టేయండి!” నీహారిక అటు తిరిగింది. ఇస్సాకు ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పిస్టల్ చెత్తబుట్టలో పడింది.

ఇస్సాకు ఆమె సెల్‌ఫోన్ నుంచే కబురు చేశాడు. పది నిమిషాల్లో లలితమ్మ మనుషులతో వచ్చి నీహారికకు బేడీలు వేయించింది.

“అంజన్?” ఇస్సాకు అడిగాడు.

“రూమ్ మార్పించిన. బతికిండు. నీ నోటికే తాళమెయ్యాలె.”

ఇస్సాకు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. రిసీవర్ ఇంకా చెవికి ఆనించుకునే ఉన్న రాజన్న అతని భుజం తట్టాడు.

“తమ్మీ, ఎరుపొద్దంట. ఆకుపచ్చ పెట్టమంటున్నది.”