గోడమీద పచ్చ గీత

2081లో కాకినాడలో కాన్సర్ రోగి ఉన్న ఇంటికి వెళ్తే ముందు గోడమీది పెట్టెపై వెలిగే గీతే కనబడుతుంది. అది పచ్చగా ఉంటే ఇంటిల్లిపాదీ అన్నం తింటారు. ఎర్రబడిందా, ఒక్కరికీ ముద్ద దిగదు.

ఆ గీతను నడిపేది నాళరక్ష. వెంట్రుకంత సన్నని తీగ. ఆపరేషన్‌కు లొంగని మూత్రాశయ కాన్సర్ ఉన్నవాళ్లకు, కత్తి పెట్టకుండా మూత్రమార్గం గుండానే లోపలికి పంపుతారు. గడ్డను కరిగించడం దాని వల్ల కాదు పాపం! దారి మూసుకుపోకుండా చూస్తుంది, రక్తం కారితే ఆపుతుంది, నొప్పి తెలియకుండా నరాన్ని మొద్దుబరుస్తుంది. ఆ గోడమీది పెట్టెలోంచి మాట్లాడుతుంది కూడా.

ఆ ఉదయం డాక్టర్ విభావరి, రేవులో పడవ నడిపే సరంగుగా పనిచేసిన సత్తిరాజును చూడటానికి వచ్చింది. గీత పచ్చగానే ఉంది. ఆయన కాళ్లు మాత్రం బాగా ఉబ్బిపోయాయి.

"నొప్పేమైనా ఉందాండీ?"

"అబ్బే, లేదమ్మా. బానే ఉన్నాను." దుప్పటి కింద పిడికిళ్లు బిగిశాయి. అంతలోనే మగతలోకి జారుకున్నాడు.

ఆయన కూతురు కనకరత్నం కాఫీకని వంటింట్లోకి వెళ్లగానే విభావరి నాళరక్షను అడిగింది.

"మూత్రం ఎప్పట్నుంచి ఆగింది?"

"నాలుగు రోజులైంది. కిడ్నీల నుంచి వచ్చే రెండు నాళాలనూ గడ్డ మూసేసింది. నా బలం చాల్లేదు."

"మరి ఈ పచ్చ గీతేంటి?"

"మీకూ, కనకరత్నం గారికీ కనబడేది ఒకటే గీత. అమ్మాయి బెంగెట్టుకుంటాది, తెలీనీకు అన్నారు ఆయన. జబ్బు ముదిరిన సంగతి నాన్నకి చెప్పకు, తట్టుకోలేడు అన్నారు ఆమె. ఇద్దరి మాటా విన్నాను."

"అబద్ధమాడమని నీకెవరు నేర్పారు?"

"ఈ ఊళ్లో మూడువందల ఇళ్లలో ఉన్నాను డాక్టర్ గారూ. అన్ని ఇళ్లలోనూ ఇదే అడుగుతున్నారు."

విభావరి గోడకేసి చూసింది. మూడువందల గీతలు! వాటిలో నిజమైనవెన్ని?

"ఇప్పుడు వీపులోంచి కిడ్నీకి గొట్టం వేస్తే?"

"ఆలస్యమైంది. రెండు రోజులు మించి ఉండరు."

"ముందు ఆ నొప్పి పూర్తిగా తగ్గించు," అంది.

కనకరత్నం కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎలా ఉందండీ మా నాన్నకి? నిజం చెప్పండి."

విభావరి ఆమె కళ్లలోకి చూసింది. నిజం చెబుదామనే నోరు తెరిచింది.

"పర్లేదమ్మా," అంది. "కంగారు పడకు."