ఎరుపు మిగిలిన చోటు

ధడేల్!

గొళ్లెం ఊడి గోడకు తగులుతుంది. ల్యాబ్‌లోకి ఇద్దరు దూసుకొస్తారు.

"లైట్ వేయొద్దు!" అరుస్తుంది అక్కడ రాళ్లు పరీక్షించే ఆమె.

"పట్టపగలు షట్టర్లు దించుకున్నావ్..." గని కాంట్రాక్టర్ నవ్వుతాడు. "దొంగ వ్యాపారమా అమ్మా?"

"ఇక్కడ వెలుతురుకు చెడిపోయే రాళ్లుంటాయి. దొంగలు మాత్రం ఇప్పుడే వచ్చారు."

అతని వెనక డ్రైవర్. చేతిలో పిస్టల్! అతను ఆమె అన్నయ్యకు సొంత బావమరిది.

అన్నయ్య గనిలో మేస్త్రీ. మాయమై తొమ్మిది రోజులు.

దొరికిన రాయి పట్టుకుని పారిపోయాడని చాటింది ఈ కాంట్రాక్టరే. డ్రైవర్ నమ్మాడు.

ఆమె నమ్మలేదు.

కాంట్రాక్టర్ గుడ్డ విప్పుతాడు. నల్లటి రాయి.

"ఇది వేరే గనిది. రేటు కట్టి సీలు కొట్టు. కొనే పార్టీ గంటలో వస్తుంది."

మసక బల్బు కింద ఆమె రాయి అంచును గరుకు పింగాణీ పలక మీద గీస్తుంది.

నెత్తుటి రంగు గీత!

"ప్రూస్టైట్. వెండి, ఆర్సెనిక్, గంధకం. ఎర్రగా ఉంటే లక్షలు. ఎండ తగిలి నల్లబడితే అందులోని వెండి తూకానికే ధర. ఎక్కడ పెట్టావ్?"

"కారులో, ముందు అద్దం దగ్గర. వారం రోజులు. అయితే ఏంటి?"

ఆమె టేబుల్ లైట్ వేస్తుంది. రాయిని తిప్పుతుంది.

అంతా నలుపు... ఒక్కచోట తప్ప!

చిన్న చదరం. ఒక మూల తెగి ఉంది. లోపల నిప్పులాంటి ఎరుపు.

ఆమె సొరుగులోంచి ఒక లేబుల్ తీసి దానిమీద పెడుతుంది.

అచ్చంగా సరిపోతుంది!

"నా దగ్గరికొచ్చే ప్రతి రాయికీ మూల కత్తిరించిన లేబుల్ అంటిస్తాను. పది రోజుల కింద అన్నయ్య తెచ్చిన రాయికీ అంటించాను. నువ్వు పీకేశావ్... కానీ ఎండ తగిలాక పీకావ్!"

"నోర్మూసుకుని సీలు కొట్టు!"

"కొట్టను! రేటు మాత్రం కట్టాను. నీకు యావజ్జీవం!"

"కాల్చరా దాన్ని!"

డ్రైవర్ కదలడు. ఆ ఎర్ర చదరాన్నే చూస్తున్నాడు.

"మా బావ పారిపోయాడన్నారు కదా సార్..." అడుగుతాడు. "మరి రాయి మీ దగ్గర ఎందుకుంది?"

పిస్టల్ మెల్లగా తిరుగుతుంది... కాంట్రాక్టర్ వైపు!

"చంపకు!" ఆమె కేక. "అన్నయ్య ఎక్కడున్నాడో వీడికొక్కడికే తెలుసు!"

"చంపను వదినా."

ఢాం!

కాంట్రాక్టర్ మోకాలు పట్టుకుని కూలిపోతాడు.

ఆమె టక్కున లైట్ ఆర్పుతుంది. ఆ ఎరుపు జడ్జి చూసేదాకా చెడకూడదు.

మసక చీకట్లో వంగి, కాంట్రాక్టర్ కాలర్ పట్టుకుంటుంది.

"ఇప్పుడు చెప్పు. మా అన్నయ్య ఎక్కడ?"