మీటరు లేని ఇంట్లో పాట

ప్రెస్సు సందు చివరి ఇల్లుందే — చీకటి పడ్డాక దాని ముందు నుంచి కుక్క కూడా వెళ్ళదనేవారు. కుక్క సంగతి నాకు తెలీదు గానీ, మనుషులైతే వెళ్ళేవాళ్ళు కాదు. రాత్రి డ్యూటీ దిగిన నర్సు చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదుగా ఇంటికి చేరేది. వెనకింటి ముసలాయన పొద్దు వాలగానే కిటికీలు బిగించేసేవాడు.

దయ్యం ఏడిస్తే అదో రకం. ఆ ఇంట్లో దయ్యం వాయించేది.

కరెంటు మీటరు ఎప్పుడో పీకేశారు. వీధి తలుపుకి తుప్పు పట్టిన తాళం. అయినా లోపల్నుంచి డ్రమ్ములు, తీగలు, మధ్యలో రేకుల మీద వాన పడ్డట్టు ఏదో చప్పుడు... వాటన్నిటి మీదా ఒక ఆడగొంతు. మాటల్లేని పాట.

ఇదంతా నాకు చెప్పింది మా బాబాయి. ఆయన అప్పట్లో ఒక పేరున్న సంగీత దర్శకుడి దగ్గర కారు డ్రైవరు. ఊరంతా ఆ దర్శకుణ్ణి గురువుగారు అనేవారు. బాబాయి ఇంట్లో వేరే మాట అనేవాడు, అది ఇక్కడ రాయలేను.

ఒకప్పుడు ఆ ఇంట్లో ఒకమ్మాయి ఉండేది. వాళ్ళ అమ్మమ్మ వదిలిపోయిన ఇల్లు. పగలు మైకుసెట్లు రిపేరు చేసేది. రాత్రి పాత పరుపులు గోడలకి ఆనించి, ఆ గదిలో ఒక్కతే పాటలు కట్టేది. గిటారు తనే, డ్రమ్ములు తనే, రికార్డింగు తనే. ఒక్కో పాట అరగంట. ఒక తాళంలో మొదలై, దారిలో ఇంకో తాళంలోకి జారి, ఇక మునిగిపోయిందిరా అనుకునేసరికి ఎక్కడో తేలేది. చేసినవన్నీ ఇంటర్నెట్లో తన పేజీలో పెట్టేది.

"ఇది రాక్ మ్యూజిక్కా, క్లాసికలా, జానపదమా? దీన్ని ఏ గాటన కట్టాలమ్మా?" అని ఎవరైనా అడిగితే —

"కట్టెయ్యడానికి ఇదేమన్నా గేదా అండీ? వినండి" అని నవ్వేదిట.

గురువుగారు విన్నారు. విని, కారు పంపారు. "నీలో సరుకుందమ్మా. ఇంకా ఏమున్నాయి? అన్నీ పట్రా, కూర్చుని చూద్దాం" అన్నారు. పిచ్చిపిల్ల... హార్డ్‌డిస్కు తీసుకెళ్ళి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఆయన సినిమా పాటలు ఊరూవాడా మోగిపోయాయి. అన్నీ ఆ పిల్లవే. అరగంట పాటని ముక్కలు కోసి, పైన మాటలు అతికించారు, అంతే. నిలదీద్దామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. అంతటితో అయిందా? ఆ పిల్ల పేజీలో ఉన్న సొంత పాటల్నే, గురువుగారి సినిమా నుంచి కాపీ కొట్టిందని చెప్పి తీయించేశారు. పేపరువాళ్ళు అడిగితే ఆయన జాలిగా నవ్వి, "మా దగ్గర నేర్చుకోడానికొచ్చేది. చిన్నపిల్ల, ఆశ. క్షమించేశాను" అన్నారు.

క్షమించేశాట్ట!

ఆ తర్వాత ఆ అమ్మాయి కనబడలేదు. మందు మింగిందన్నారు. ఎవరు చూశారంటే ఎవరూ చూళ్ళేదు. చావు కబురుకి సాక్ష్యం ఎవరడుగుతారు? ఇంకొన్నాళ్ళకి — ఆ ఇంట్లోంచి పాట మొదలైంది.

ఆ మాట గురువుగారి చెవిన పడింది. భయపడ్డారా? అబ్బే. అప్పటికి ఆయన సినిమాలు వరసగా బోల్తా కొడుతున్నాయి. తెచ్చుకున్న సరుకు అయిపోయింది మరి.

"ఆ పాట... కొత్తదేనంటావా?" అని బాబాయిని అడిగారు.

దయ్యం పాటని కూడా కొట్టేద్దామనుకున్నాడు మహానుభావుడు!

ఆ రాత్రి కారు సందు మొదట్లోనే ఆపించారు. ఆయన చేతిలో చిన్న రికార్డరు. బాబాయి చేతిలో టార్చి.

"వెలిగించకు" అన్నారు గుసగుసగా.

పక్కనున్న వంటింటి తలుపు తోస్తే వచ్చేసింది. లోపల చెమ్మ వాసన... దాని వెనక సన్నగా, తీగ కాలిన వాసన. తడుముకుంటూ పరుపుల గదిలోకి వెళ్ళారు. అక్కడ తన ఊపిరి తనకే వినబడుతోందట బాబాయికి.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత... గోడలోంచి వస్తున్నట్టు ఒక తీగ. దాని కింద డ్రమ్ము, గుండెకి ఒక అడుగు వెనకాల నడుస్తున్నట్టు. ఆపైన ఆ గొంతు.

గురువుగారు రికార్డరు పైకెత్తి పట్టుకున్నారు. చీకట్లో దాని ఎర్రదీపం వెలిగింది. బాబాయి చెవి దగ్గరకి వంగి, "ఇదేరా... ఆ హిట్టు పాటకి మిగతా సగం ఇదే! నాకివ్వకుండా దాచుకుంది, దొంగది!" అన్నారు.

పాట ఆగిపోయింది.

"ఇదెవరిదండీ?"

ఆయన ఎడమ చెవి పక్కనే. మెల్లగా... ఎంతో మర్యాదగా.

ఆయన గిరుక్కున తిరిగారు.

"ఇదెవరిదండీ?" — ఈసారి కుడివైపు. తర్వాత పైకప్పు నుంచి. తర్వాత నాలుగు మూలల నుంచీ ఒకే గొంతు — పదిమందై, వందమందై, సన్నగా, బొంగురుగా — "ఇదెవరిదండీ? ఇదెవరిదండీ?"

గురువుగారు వెనక్కి తూలారు. గోడకున్న పరుపు ఆయన మీద వాలి, మనిషి వచ్చి పట్టుకున్నట్టు మెడ చుట్టూ వంగింది.

"నీదే! నీదే తల్లీ! అన్నీ నీవే! నేనొక్క స్వరం కూడా కట్టలేదు... నువ్వు కాపీ కొట్టావని చెప్పించింది కూడా నేనే... నన్నొదిలెయ్!"

"మీ పేరు చెప్పండి."

చెప్పారు. అడక్కపోయినా ఇంటిపేరు, తండ్రిపేరు కూడా చెప్పారు. చెప్పి, పరుపుని తోసేసి, గడపకి తట్టుకుని, లేచి... ఒకటే పరుగు. రికార్డరు కిందే ఉండిపోయింది. దాని దీపం ఇంకా ఎర్రగా వెలుగుతోంది.

బాబాయి ఒక్కడే గదిలో మిగిలాడు. టార్చి మీట నొక్కాడు.

మూలన స్టూలు మీద ఆ అమ్మాయి!

ముందు కాళ్ళకేసి చూశాడట. పాదాలు వెనక్కి తిరిగి లేవు. రబ్బరు చెప్పులున్నాయి. చుట్టూ కారు బ్యాటరీలు, స్పీకర్లు, వైర్లు.

"టార్చి దించన్నా, కళ్ళు పోతున్నాయి" అంది.

"అమ్మా... నువ్వు... పోయావన్నారు కదమ్మా!"

"నేనన్నానా? జ్వరంతో మా అక్క దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వీధివాళ్ళే చంపేశారు. సరే, బతికుండగా ఎవరూ వినలేదు, చచ్చాకన్నా వింటారేమోనని ఊరుకున్నా. వింటే ఆయనా వస్తాడని తెలుసు."

లేచి రికార్డరు తీసుకుంది. ఎర్రదీపం ఆర్పింది.

ఆ వారమే, చచ్చిపోయిందనుకున్న అమ్మాయి పేజీలో కొత్త పాట వచ్చింది. ఏ రకం సంగీతం అన్నచోట ఖాళీగా వదిలేసింది. పాట మధ్యలో డ్రమ్ములు ఆగినచోట గురువుగారి గొంతు — ఇంటిపేరుతో సహా. దయ్యమే పెట్టిందనుకుంటూ ఊరంతా విన్నారు. నిర్మాతలు ఫోన్లెత్తడం మానేశారు. తీసేసిన పాటలన్నీ మళ్ళీ ఆమె పేరు మీద పైకొచ్చాయి. బాబాయి వేరే కొలువు చూసుకున్నాడు.

"నీది నీకొచ్చేసింది కదమ్మా. ఇక బయటికి రావచ్చుగా?" అని అడిగాడట ఒకసారి.

"వస్తానన్నా. ఇప్పుడే కాదు. ఆయన వల్ల నేను రెండేళ్ళు నిద్రపోలేదు" అందట, తీగ బిగిస్తూ.

మొన్నామధ్య అర్ధరాత్రి బాబాయికి ఫోను వచ్చింది. గురువుగారు. గొంతు గుర్తుపట్టేలా లేదు. ఇంట్లో లైట్లన్నీ వేసుకుని కూర్చున్నారట.

"ఒరేయ్... అంతా ఒప్పేసుకున్నాను కదరా. ఆమె... శాంతించిందంటావా?"

బాబాయి నిజమే చెప్పాడు.

"లేదండీ. నిన్న రాత్రి కూడా వాయించింది."