ఉక్కుపిల్లి తోక, ఏసమ్మ పుల్ల

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా గాలించినా ఫెబీ చెవుల్లాంటి చెవులు దొరకవు. అర్ధవీడు కొండ మీద చింతకాయ రాలితే, కంభం స్టేషన్లో నిలబడి అది పచ్చిదో పండుదో చెప్పేస్తుంది. చీమ తుమ్మితే "నూరేళ్లు" అని దీవిస్తుంది. అవీ ఫెబీ చెవులు.

ఆ చెవుల పిల్ల ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తుతోంది. ఒంటిపూట బడి వదలగానే ఇంటికి పోయి, బ్యాగు మంచం మీద విసిరేసి, చిన్న స్పీకరు చంకన పెట్టుకుని బయలుదేరింది. ఆ స్పీకరు స్టెల్లా అత్త క్రిస్మస్‌కు కొనిచ్చింది.

పరుగు ఎందుకంటే, "ఉక్కుపిల్లి" ఆఖరి భాగం ఆరోజే వచ్చింది.

ఉక్కుపిల్లి అసలు బొమ్మల కథ. బడి లైబ్రరీలో ఆ పుస్తకం ఉంది. దాన్ని ఎవరో వినే నాటకంగా చేశారు. బొమ్మలుండవు. అన్నీ గొంతులే, చప్పుళ్లే. పిల్లి గోడ దూకితే దూకిన చప్పుడు, తలుపు తెరిస్తే కిర్రు, వాన పడితే వాన. వారానికో భాగం ఫోన్‌లోకి వచ్చి పడుతుంది.

ఫెబీ వాళ్లమ్మ మిరపకాయల కోతకు పోతుంది. అందుకని సాయంత్రం దాకా ఫెబీ వాళ్లవ్వ ఏసమ్మ పని చేసే పలకల షెడ్డులో ఉంటుంది. నాటకం వినేదీ అక్కడే, అవ్వ ఫోన్‌లోనే.

షెడ్డులో నేల నిండా నల్లరాతి పలకలు. పుష్పమ్మ వాటి అంచులు అరగదీస్తుంది. శ్రీశైలమ్మ నీళ్లతో కడిగి ఆరబెడుతుంది. చివరగా అవి ఏసమ్మ ముందుకు వస్తాయి. ఏసమ్మ ఒక్కో పలకను వేళ్ల మధ్య వేలాడదీసి, చిన్న కర్రపుల్లతో కొడుతుంది. ఠంగుమని మోగితే మంచి పలక, కుడిపక్కకు. డబ్‌మంటే లోపల ఎక్కడో పగులున్నట్టు, ఎడమపక్కకు. ఆ పగులు కంటికి కనబడదు. చెవికే దొరుకుతుంది. సాయంత్రం లారీ వచ్చి మంచివాటిని గిద్దలూరుకు తీసుకుపోతుంది. అక్కడ చెక్క చట్రాలు బిగిస్తారు. చట్రం పడ్డాక ఇక ఏ పలకా నోరు విప్పదు.

"వచ్చినావా తల్లీ," అంది శ్రీశైలమ్మ, ఫెబీని చూడగానే. "మా పిల్లి బతికిందో లేదో అని నాకు పొద్దున్నుంచి ముద్ద దిగలే."

"ముద్ద దిగకపోతే ఆ టిఫిను ఖాళీ చేసిందెవురమ్మా?" అంది పుష్పమ్మ.

"అది దిగులుతో తిన్యా."

"ఆ పిల్లి మా ఇంట్లో పాలు తాగిపోయే బూడిదరంగు పిల్లి మాదిరే ఉంటది పాపా," అని శ్రీశైలమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "ఒక చెవు తెగి."

"కాదు, దూడంత ఉంటది," అంది పుష్పమ్మ. "లేకుంటే ఆ గోడ ఎట్ల దూకుతాది?"

"నేను పుస్తకంలో చూసినా గదా పెద్దమ్మా," అంది ఫెబీ. "నీలం రంగు. చిన్నదే."

"నువ్వు చూసింది నీ పిల్లి. మేము విన్నది మా పిల్లి," అని శ్రీశైలమ్మ తేల్చేసింది.

అప్పుడే మేస్త్రీ చెన్నకేశవులు గుమ్మం దగ్గర ఆగాడు. "ఇదిగో ఫెబీ, పాటలో నాటకాలో మీ ఇష్టం. చేతులు ఆడినంతసేపు నాకేం బాధ లేదు. పని చెడిందా, ఆ డబ్బా మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కకూడదు."

"అట్లనే మామా," అంది ఫెబీ. బుద్ధిగా తల ఊపింది. ఆయన అటు పోగానే బటన్ నొక్కింది.

*

నాటకం మొదలైంది. షెడ్డు మాయమైంది.

ఉక్కుపిల్లిని తుప్పు రాక్షసుడు పాడుబావిలో వేలాడదీశాడు. తోకకు తాడు. కింద నల్లటి నీళ్లు. పైన తుప్పువాన కురిపించబోతున్నాడు. ఉక్కు మీద తుప్పు పడితే ఇంకేముంది?

"హహ్హహ్హ," అని నవ్వాడు రాక్షసుడు. ఆ నవ్వు బావిలో గింగిరాలు తిరిగింది.

బయట రాయి కోసే మిషను ఒక్కసారిగా మొదలైంది. రాక్షసుడి నవ్వు అందులో మునిగిపోయింది. ఫెబీ సౌండు పెంచింది. చాలలేదు. స్పీకరును తీసుకొచ్చి అవ్వ పక్కన పలకల దొంతర మీద పెట్టి, ఉన్నంతా పెంచేసింది. పలకలు కూడా అదిరాయి.

"కొంచెం తగ్గించు పాపా," అంది ఏసమ్మ. "రాయి మాట ఇనపడట్లా."

"క్లైమాక్స్ అవ్వా."

క్లైమాక్స్ అంటే ఏమిటో ఏసమ్మకు తెలియదు. కానీ తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు తెలిసింది. టప్. ఇంకో పోగు. టప్. ఏసమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. చూపు స్పీకరు మీదే ఉంది. చేయి మాత్రం పాత అలవాటున పుల్లతో కొడుతూ, పలకల్ని కుడిపక్కకు పెడుతూ పోతోంది. పుష్పమ్మ అంచు అరగదీయడం ఆపేసింది. శ్రీశైలమ్మ చేతిలో పలక నుంచి నీళ్లు చీర మీద కారుతున్నా ఆమెకు తెలియలేదు.

రాక్షసుడి అడుగుల చప్పుడుకు తాళం వేయాలని ఫెబీ కుడిపక్క దొంతర మీది పలక ఒకటి అందుకుంది. ధన్, ధన్, ధన్ అని అతను నడుస్తుంటే, వేలి కణుపుతో తనూ కొట్టింది.

సరిగ్గా అప్పుడే బయట మిషను ఆగింది. నాటకంలో కూడా అంతా నిశ్శబ్దమైంది. ఉక్కుపిల్లి ఊపిరి బిగబట్టింది మరి.

ఆ నిశ్శబ్దంలో ఫెబీ చేతిలోని పలక "డబ్" అంది.

ఫెబీ మళ్లీ కొట్టింది. డబ్.

ఇంకోటి తీసి కొట్టింది. ఠంగ్. హమ్మయ్య అనుకుంది. మూడోది తీసింది. డబ్.

ఇక్కడ నేను మొదట్లో చెప్పిన మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. చింతకాయ, చీమ తుమ్ము అన్నాను గదా. పక్కనే పగిలిన పలకలు ఇంతసేపటి నుంచి డబ్ డబ్‌మని మొత్తుకుంటే ఆ చెవులకు వినబడలేదు. పుల్ల పట్టిన అవ్వకూ వినబడలేదు. వినబడకుండా చేసిన సౌండు ఫెబీదే.

ఫెబీ అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదు. ఆ పలకను మెల్లగా దొంతరలోకి తోసేస్తే సరి. ఎవరికీ తెలియదు. చెబితే? డబ్బా మళ్లీ గడప తొక్కదు. పిల్లి లేదు, వినడం లేదు. శ్రీశైలమ్మ పెద్దమ్మకు ముద్ద దిగదు.

తోసేయడానికే చేయి సాచింది. చేతిలోని పలక చల్లగా తగిలింది. చట్రం బిగించాక దీని పగులు ఇంకెవరికీ వినబడదు. ఎక్కడో ఒకటో తరగతి పిల్లవాడు దీని మీద "అ" రాయబోయి కాస్త గట్టిగా ఒత్తుతాడు. రెండు ముక్కలవుతుంది. టీచరు ఆ పిల్లవాడినే అంటుంది, ఎందుకు పగలగొట్టావని.

స్పీకరులో ఉక్కుపిల్లి గొంతు వణికింది. "ఇక ఒక్క పోగే మిగిలింది..."

ఫెబీ బటన్ నొక్కి నాటకం ఆపేసింది.

*

"ఏందే ఇది, చార్జింగ్ పోయిందా?" అంది పుష్పమ్మ.

"పిల్లిని అట్ల ఏలాడదీసి ఆపుతావా? నీకు మనసెట్ల వచ్చింది?" అంది శ్రీశైలమ్మ.

"అవ్వా, ఈ పలక కొట్టు," అంది ఫెబీ.

ఏసమ్మ కొట్టింది. డబ్. ఆమె ముఖం మారిపోయింది. దొంతరలోంచి ఇంకోటి తీసింది. మంచిదే. తర్వాతది మంచిది కాదు.

ఇంతలో చెన్నకేశవులు వచ్చాడు. రెండు పలకలు కొట్టి చూసి, వాటిని కింద పెట్టాడు. "ఏసమ్మత్తా, నీ చేతి మీదుగా పోయిన సరుకు ఇంతవరకు తిరిగి రాలే. ఏందిది?"

"చెయ్యి నాదే నాయనా. నేనే ఇనలేదు," అంది ఏసమ్మ.

"అవ్వ తగ్గించమనింది మామా," అంది ఫెబీ. "నేనే పెంచినా. ఈ దొంతర మొత్తం నాటకం నడిచేటప్పుడు కొట్టిందే."

చెన్నకేశవులు దొంతర వైపు చూశాడు. అది ఫెబీ నడుము దాకా ఉంది. "లారీ బయలుదేరిందంట. కురిచేడు దాటింది. మళ్లీ కొట్టగలవా అత్తా?"

"నిమ్మళంగా ఉంటే కొడతా. సడి ఉండకూడదు."

"సడి సంగతి నాకొదిలెయ్యండి," అంది ఫెబీ.

అప్పటినుంచి చూడాలి ఆ షెడ్డును. పిల్లి బావిలో, లారీ దారిలో, ఏసమ్మ పుల్ల గాల్లో. ఫెబీ ముందు మిషను దగ్గరికి పరుగెత్తి, "అన్నా, అవ్వ రాళ్లతో మాట్లాడుతుంది, కాసేపు ఆపండి" అని బతిమాలింది. తిరిగొచ్చేసరికి మేక ఒకటి గుమ్మంలో మే అంటోంది. దాని నోటికి ఇంత గడ్డి అందించింది. చెన్నకేశవులు ఫోను మోగితే వేలు పెదాల మీద పెట్టి ఆయన వైపే చూసింది. మేస్త్రీ దొంగలాగా ఫోను చొక్కాలో దాచుకుని బయటికి నడిచాడు.

ఠంగ్. ఠంగ్. డబ్. ఠంగ్.

పుష్పమ్మ అందిస్తోంది. శ్రీశైలమ్మ సర్దుతోంది. ఫెబీ అవ్వ మోకాలి పక్కన కూర్చుని వింటోంది. కాసేపటికి, అవ్వ చేయి కదలకముందే ఫెబీ వేలు ఎడమపక్కకు చూపించసాగింది. ఏసమ్మ ఓరకంట చూసి, "ఊఁ" అంది. అంతే అంది. ఆ "ఊఁ"కు ఫెబీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆఖరి పలక కుడిపక్కకు చేరుతుండగా రోడ్డు మీద హారన్ వినబడింది.

*

మంచి పలకలన్నీ లారీ ఎక్కాయి. చెన్నకేశవులు చేతులు దులుపుకుని స్పీకరు వైపు చూశాడు. అందరూ ఆయన్నే చూశారు.

"నేనన్న మాట గుర్తుందా పాపా?"

"ఉంది మామా," అంది ఫెబీ. స్పీకరును దగ్గరికి లాక్కుంది. "కానీ నాదొక మాట. అవ్వ చేతిలో పుల్ల ఉన్నంతసేపు ఇది పలకదు. పుల్ల కింద పెట్టినాకే పలుకుతాది. మాట తప్పితే మీరే తీసుకోండి, మీ ఇంట్లోనే పెట్టుకోండి."

చెన్నకేశవులు గడ్డం గోక్కున్నాడు. ఖాళీ గోనెసంచి ఒకటి లాగి దాని మీద కూర్చున్నాడు. "ఇప్పుడు మీ అవ్వ చేతిలో పుల్ల ఉందా?"

లేదు.

"మరి ఆ పిల్లిని ఎంతసేపు ఏలాడదీస్తావు?"

ఫెబీ బటన్ నొక్కింది. టప్‌మని ఆఖరి పోగు తెగింది. శ్రీశైలమ్మ కళ్లు మూసుకుంది. ఉక్కుపిల్లి పడుతూ పడుతూ బావి గోడను గోళ్లతో గీరింది. నిప్పురవ్వలు చిటపటలాడాయి. పైకి, ఇంకా పైకి. తుప్పువాన మొదలయ్యే లోపు రాక్షసుడి వీపు మీదికి ఒక్క దూకు. ధభీమని వాడే బావిలో పడ్డాడు. షెడ్డంతా ఒకటే చప్పట్లు. చెన్నకేశవులు లేచి నిలబడి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. మేక బెదిరి పారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫెబీ షెడ్డుకు వచ్చేసరికి ఏసమ్మ పని మీద ఉంది. కొత్త నాటకం వచ్చింది, పాతకాలపు రాజుల కథ.

"పెట్టు పాపా," అంది పుష్పమ్మ. "చిన్న సౌండుతో పెట్టు, ఏం కాదు."

ఫెబీ తల అడ్డంగా ఊపింది. అవ్వ చేతిలో పుల్ల ఉంది. రాజులు కాసేపు ఆగుతారులే అని, స్పీకరును ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పలకల్ని వినసాగింది. ఠంగ్. ఠంగ్. డబ్.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను, ఒక్కటి తప్ప. చెన్నకేశవులుకు ఈల వేయడం రాదు. ఆరోజు నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేసింది ఏసమ్మ. ఈ వయసులో ఈల వేసిందని నలుగురికీ తెలిస్తే బాగుండదని, ఆ మాట ఎక్కడా రాయొద్దని నా దగ్గర మాట తీసుకుంది. అందుకే దాన్ని మేస్త్రీ నోటికి అంటగట్టాను. మీరు కూడా ఎవరికీ చెప్పకండి.