ఇసుకలో తీసిన అచ్చు

"ఇది పడవా, పశువుల కుడితి తొట్టా?"

యమున మొదటి రోజు అడిగిన మాట అది. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ళు ఎంత దూరం ఉప్పెక్కాయో తెలుసుకోవడానికి వారానికి రెండుసార్లు సీసాల్లో నీళ్ళు పట్టే ఉద్యోగం ఆమెది. ఇంజను పడవైతే అడుగు బురదంతా లేపేస్తుంది. అందుకని తెడ్డుతో నడిచే సన్నటి పడవ, త్రినాథ్ కయాక్‌ను ఆఫీసువాళ్ళు కుదిర్చారు. ఫైబర్ పడవలకు అతుకులు వేసే త్రినాథ్, ఫోనులో చూసి ప్లైవుడ్డుతో సొంతంగా చేసుకున్నది.

"ఎక్కితే తెలస్తాది మేడమ్," అన్నాడు. ఆ రోజుకి అతను మాట్లాడింది అంతే.

ఆమె ముందు, అతను వెనక. ఆనుకోవడానికి చెక్కముక్కైనా లేదు. చేపల వేటకు పోయే అతనింట్లో పడవ మీద వీపు ఆనించి కూర్చున్నవాళ్ళు లేరు మరి. అలాంటిది ఒకటి కావాలని అతనికి తోచలేదు.

రెండో వారానికి యమున వీపు మెల్లగా అతని మోకాళ్ళకు తగిలింది.

"నడుం లాగేస్తన్నాదోయ్. ఏటి సేయమంటావు?"

"ఆనుకోండి."

రెండు నెలలు అలాగే నడిచింది. ఆమె వాగేది, అతను తెడ్డు వేసేవాడు. "నీ నోరు ఎవులైనా కుట్టీసినారేటి?" అని వెక్కిరించేది. చినుకులు పడితే గొడుగు వెనక్కి వంచి అతని తల కాచేది, తను ముందంతా తడిసిపోయేది. ఆమె నవ్వితే ఆ నవ్వు ముందు అతని మోకాళ్ళకు తెలిసేది, తరువాత చెవులకు.

కార్తీకంలో ఒక బుధవారం, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆదివారం బొబ్బిలి నుంచి నన్ను సూడ్డానికి వస్తన్నారు. ఏటి సెప్పమంటావు?"

తెడ్డు రెండుసార్లు మునిగి లేచింది. వద్దనమని చెప్పాలని ఉంది. ఆమదాలవలస రైతుబిడ్డ ఆమె. తనేమో ఫైబర్‌కు పూసే రెసిన్ జిగురు కంపు కొట్టే మనిషి. ఆ మాటేదో చేతులతో చెబుదామనుకున్నాడు.

"మీ నడుం ఆనడానికి బ్యాక్‌రెస్ట్ సేస్తాను. కొలత కావాల."

"ఓలమ్మో, ఇంత పెద్ద మాటే!" అని యమున చాలాసేపు నవ్వింది.

ఒడ్డున తడి ఇసుక గట్టులా పోసి, దానికి ఆని కూర్చోమన్నాడు. "గట్టిగా ఆనండి. ఊపిరి బిగబట్టకండి." ఆమె లేచాక ఇసుకలో మిగిలిన గుంటను చూస్తూ ఉండిపోయాడు. నడుమ సన్నటి కాలువ, దానికి అటూ ఇటూ రెండు పల్లాలు. వాటి మీద పాలిథిన్ పరిచి, ఫైబర్ గుడ్డ వేసి, రెసిన్ పట్టించాడు. భుజాలు తిరగాలి కనుక పక్కటెముకల కిందికే ఆపాడు. పాత లైఫ్ జాకెట్టు నురుగు లోపల అంటించాడు. పడవకు బిగించడానికి ముందుకు రెండు బెల్టులు, వెనక్కి ఒకటి. పడవ బోర్లాపడితే ఒక్క లాగుతో ఊడిపోవాలి. బెల్టుల బకిల్ ఇరవైసార్లు లాగి చూశాడు. ఆ మూడు రోజులూ వేరే పని ముట్టలేదు.

శనివారం యమున ఎక్కి కూర్చుంది. చక్కగా అమిరింది. ఇక వెనక్కి జరగవలసిన పనే లేదు.

"ఎలగున్నాది?"

"బాగున్నాది. నువ్వు సెప్పేది ఇదేనా?"

ఎప్పుడూ హాస్యమాడనివాడు ఆ రోజు ఆడబోయాడు. "ఇంక నా మోకాళ్ళకీ సెలవు దొరికినాది."

యమున సీసాలు నింపుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ బుధవారం వచ్చింది. బ్యాక్‌రెస్ట్‌కు ఆనకుండా నిటారుగా కూర్చుంది.

"బొబ్బిలోలకి నచ్చినానంట. నానూ సరే అన్నాను."

"మేడమ్..."

"నాకు నడుం నొప్పి ఎప్పుడూ లేదు త్రినాథూ. వొంగి నాట్లేసినదాన్ని. నీకు ఆనుకోడానికి సెప్పిన సాకు అది. నువ్వు నిజంగా నమ్మీసి, మనిద్దరి మద్దిన గోడ కట్టీసినావు. పైగా సెలవన్నావు."

త్రినాథ్ తెడ్డు ఒళ్ళో పెట్టేశాడు. పడవ అడ్డం తిరిగింది.

"ఇష్టంతో సేసినాను. నాకు మాట రాదు, సేతులే వస్తాయి. ఆ సంబంధం ఒగ్గీ యమునా."

ఆమె తల దించుకుంది.

"ఇదే మాట శనివారం సెప్పుంటే మా నాన్నతో దెబ్బలాడీదాన్ని. ఇప్పుడు నన్నెవులూ బలమంతం సెయ్యలేదు. ఆ అబ్బాయి ఎదర కూసోని, నీకు ఇష్టమేనా అని అడిగినాడు. అడిగినాడు, సూడు. నీ మీద కోపంతో అవునన్నాను. ఇచ్చిన మాట మళ్ళీ లాక్కోలేను."

ఒడ్డు చేరాక సీసాల పెట్టె పట్టుకుని దిగింది. "వచ్చే వారం నుంచి నా బదులు మా ఆఫీసు తిరుమలరావుగారు వస్తారు. లావుపాటి మనిషి, జాగర్త," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. బస్సు కోసం గట్టెక్కి వెళ్ళిపోయింది.

త్రినాథ్ అవతలి ఒడ్డుకు పోవాలి. గాలి బలంగా ఉంది. ముందు బరువు లేక పడవ ముక్కు పైకి లేచి, ఉన్నచోటే తిరగసాగింది. రెండుసార్లు సరిచేశాడు. కుదరలేదు. చివరికి పాకుతూ ముందు సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ బ్యాక్‌రెస్ట్ వంపు అతనికి ఎక్కడా సరిపోలేదు. అంచు పక్కటెముకల్లో గుచ్చుకుంది.

పడవ మాత్రం తిన్నగా సాగింది.